ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకి బస్సు, రైలు రాయితీ: సదరం దగ్గర్నుంచి కండక్టరు దాకా

"సర్టిఫికెట్ ఉందండి, అయినా ఫుల్ టిక్కెట్టే కొడుతున్నారు." "మా అబ్బాయికి 24 ఏళ్ళు, రైల్లో రాయితీ వస్తుందాండి?" "పాసు కౌంటర్లో ఆటిజం అంటే ఏంటని మమ్మల్నే అడుగుతున్నారండి." అమలాపురం నుంచి ఒకరు, భీమవరం నుంచి ఒకరు, ఇలా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం నా వల్ల కాదు. అసలు ఫోన్లో మాట్లాడటమే నాకు పడదు. అందుకని అంతా ఒక్కచోట వరసగా రాసి పెడుతున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మాది రావులపాలెం పక్క ఊరు. నాకు ఆటిజం అని తేలింది 26వ ఏట. ఉద్యోగం రాజమండ్రిలో, వారానికి ఆరు రోజులు బస్సులోనే. నేను ఒక్కణ్ణే తిరగగలను. మా వీధిలో పిన్ని కొడుకు తిరగలేడు, వాడి పక్కన ఎప్పుడూ మనిషి ఉండాలి. ఇద్దరి కాగితాలూ పట్టుకుని తిరిగింది నేనే. అయినా మా ఇద్దరికీ ఒకేలాంటి రాయితీ రాలేదు. ఎందుకు రాలేదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మన ఇబ్బంది మొహం మీద కనబడదు. కౌంటర్లో కూర్చున్నాయన చూసేది కాగితం మీద పడిన మాటనే. ఆ మాట సరిగ్గా పడిందంటే ముప్పాతిక పని అయిపోయినట్టే. అందుకే బస్సు పాసు కన్నా సదరం సర్టిఫికెట్ (ఏ వైకల్యం ఉంది, ఎంత శాతం అని ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చే కాగితం) గురించే ఎక్కువ రాశాను, విసుక్కోకండి.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

- ఆధార్. దానికి లింకైన ఫోన్ నంబరు పనిచేస్తూ ఉండాలి, ఓటీపీలు దానికే వస్తాయి.
- పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఒక పది. ఎనిమిది అడుగుతారు, రెండు పోతాయి.
- చిన్నప్పటి కాగితాలు ఏవున్నా సరే: స్కూలు రిపోర్టులు, స్పీచ్ థెరపీ చీటీలు, పాత డాక్టరు రాసిన మందుల కాగితాలు.
- మిమ్మల్ని చిన్నప్పట్నుంచీ చూసిన మనిషి. అమ్మ అయితే మంచిది. లేకపోతే అక్క, పెద్దమ్మ, మేనమామ ఎవరైనా.
- రెండు ఫైళ్ళు. ఒకదాన్లో ఒరిజినల్స్, ఇంకోదాన్లో జిరాక్సులు. రెండూ ఒకే కవరులో పెట్టకండి. ఒకసారి మా పిన్ని ఒరిజినల్ కౌంటర్లో ఇచ్చేసి జిరాక్సు ఇంటికి తెచ్చుకుంది. అది వెతికేసరికి రెండు రోజులు పోయాయి.

1. మీకు ఏది వర్తిస్తుందో ముందు తేల్చుకోండి

ఈ అడుగు దాటేసి నేరుగా క్యూలో నిలబడేవాళ్ళే ఎక్కువ. మూడు ప్రశ్నలు వేసుకోండి.

మీరు ఆడవాళ్ళా? ఆంధ్రప్రదేశ్‌లో ఉంటున్నారా? అయితే 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు టిక్కెట్టు డబ్బులే లేవు. ఆధార్ చూపిస్తే సున్నా టిక్కెట్టు కొట్టి ఇస్తారు. ఆ టిక్కెట్టు మాత్రం తప్పకుండా తీసుకుని చేతిలో ఉంచుకోండి. ఈ ఐదు రకాల బస్సులకే అయితే మీకు దివ్యాంగుల పాసుతో పని లేదు. అయినా సర్టిఫికెట్ చేయించుకోండి, రైలుకీ పింఛనుకీ అదే దిక్కు. యానాం వాళ్ళకి ఒక మాట. మీ ఆధార్ మీద పుదుచ్చేరి అడ్రసు ఉంటుంది కాబట్టి ఈ సున్నా టిక్కెట్టు లెక్క మీకు కుదరదు.

మీరు ఒంటరిగా ప్రయాణం చేయగలరా? చేయగలిగితే మీ ఆశలు బస్సు మీద పెట్టుకోండి. రైలు సంగతి ఏడో అడుగులో చెప్తాను, అక్కడ మెలిక ఉంది.

మీ దగ్గర పాత సదరం సర్టిఫికెట్ ఉందా? ఉంటే దాన్ని తీసి, వైకల్యం పేరు దగ్గర ఏం రాశారో చదవండి. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, అందులో ఆటిజం లేదు. ఆ రోజుల్లో ఆటిజం పిల్లలకి చాలామందికి "మెంటల్ రిటార్డేషన్" అని రాసి ఇచ్చారు. మాట వినడానికి బాగోదు, నిజమే. కానీ బస్సులోనూ రైల్లోనూ పాత రూళ్ళన్నీ ఆ మాట మీదే నడిచాయి. కొత్త పేరు మీద మోజుతో ఆ కాగితం రద్దు చేయించుకునే ముందు నాలుగో అడుగు చదవండి.

2. స్లాటు తీసుకోండి

మీ గ్రామ సచివాలయానికో వార్డు సచివాలయానికో వెళ్ళి సదరం స్లాటు కావాలని అడగండి. మీసేవలో కూడా ఇస్తారు. స్లాట్లు రోజూ ఉండవు. విడతలుగా వదులుతారు, వదిలిన కాసేపటికే నిండిపోతాయి. కాబట్టి "ఎప్పుడు వదుల్తారండి" అని సచివాలయంలో అడిగి, ఆ రోజు పొద్దున్నే వెళ్ళండి.

స్లాటు పెట్టేటప్పుడు వైకల్యం రకం ఎంచుకోమంటారు. అక్కడ పొరపాటు జరిగితే ఆసుపత్రి దాకా వెళ్ళి వెనక్కి రావాల్సిందే. నాకు మొదటిసారి "మెంటల్ ఇల్‌నెస్" అని పెట్టేశారు. పాపం ఆ అబ్బాయికి తెలియక చేసిందే. మానసిక జబ్బు వేరు, ఆటిజం వేరు. తెర మీద "ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్" అని పడిందని మీ కళ్ళతో చూసుకున్నాకే సరే అనండి. ఆసుపత్రి పేరు కూడా చూడండి. మానసిక వైద్యులు కూర్చునే పెద్దాసుపత్రే పడాలి. కాకినాడ జీజీహెచ్ బోధనాసుపత్రి, మా వైపు నుంచి ఎక్కువమంది వెళ్ళేది అక్కడికే. దగ్గర కదా అని ఎముకల డాక్టరొక్కరే ఉన్న చోటికి స్లాటు వేయించుకుంటే బస్సు ఛార్జీలు దండగ.

కేంద్రం వారి యూడీఐడీ కార్డుకి (దివ్యాంగులకి దేశమంతా ఒకేలా ఇచ్చే గుర్తింపు కార్డు) స్వావలంబన్ పోర్టల్లో నేరుగా కూడా దరఖాస్తు పెట్టొచ్చు. ఫొటో, సంతకం లేదా వేలిముద్ర, ఆధార్ ఎక్కించాలి. నంబరొకటి ఇస్తారు, దాన్ని రాసి పెట్టుకోండి. ఫోన్లో ఫొటో తీసుకుంటే చాలదా అంటే, ఫోను పోతే అదీ పోతుంది.

జాగ్రత్త: "ఎనభై శాతం రాయిస్తాం, ఇంత ఇవ్వండి" అనేవాళ్ళు ఆసుపత్రి గేటు దగ్గర టీ బడ్డీలో కూర్చుని ఉంటారు. సర్వీసు రుసుము తప్ప ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. పైగా తిరిగి తనిఖీ చేసినప్పుడు ఇరుక్కునేది ఆయన కాదు, మీరు.

3. పరీక్ష రోజు

ఆటిజం కొలవడానికి మన దేశంలో వాడేది ఐసా అనే కొలమానం. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో తయారైంది. 40 అంశాలు ఉంటాయి, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. మొత్తం 70, ఆపైన వస్తే ఆటిజం కిందికి వస్తారు. ఇంతకు మించి సిద్ధాంతం మనకి అవసరం లేదు.

అవసరమైంది ఇది: ఆ రోజు నటించకండి.

పెద్దయ్యాక మనలో చాలామందికి ఒక అలవాటు వచ్చేస్తుంది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తున్నట్టు ముక్కు వైపు చూడటం, ముందే బట్టీపట్టిన నాలుగు మాటలు చెప్పడం, చేతులు ఆడించాలనిపిస్తే జేబులో పెట్టుకోవడం. ఆసుపత్రికి వెళ్తున్నామని ఇంకా ఎక్కువ చేస్తాం. మొదటిసారి నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, అడిగిన ప్రతిదానికీ "పర్వాలేదండి, చేసుకోగలనండి" అన్నాను. ఎదురుగా ఉన్నాయన కూడా "అయితే పర్వాలేదు" అని రాసేశారు. తప్పు ఆయనది కాదు, నేను చెప్పిందే రాశారు.

రెండోసారి మా అమ్మని తీసుకెళ్ళాను. ముందురోజు రాత్రి ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం. మూడేళ్ళ దాకా మాట రాకపోవడం, పెళ్ళిళ్ళలో బ్యాండు మోగితే గదిలో దాక్కోవడం, పదేళ్ళప్పుడు కోటిపల్లి రేవులో జనంలో బెంబేలెత్తి మెట్ల మీద అలా కూర్చుండిపోవడం, ఇప్పటికీ బస్సు రూటు మారితే దిగిపోయి ఇంటికి నడిచి రావడం. ఉన్నది ఉన్నట్టే, ఒక్క ముక్క పెంచలేదు. మీరూ అలాగే రాసుకోండి. బాగున్న రోజు ఎలా ఉంటారో కాదు, బాగోని రోజు ఎలా ఉంటారో చెప్పండి. ఆ కాగితం జిరాక్సు ఒకటి డాక్టరు గారికి ఇచ్చేయండి. నోటితో చెప్పడం కష్టమైతే అదే మాట్లాడుతుంది.

హాలు గోలగా ఉంటుంది. చెవుల్లో పెట్టుకునే దూదో ఇయర్ ప్లగ్గులో తీసుకెళ్ళండి. పేరు పిలిస్తే వినబడదని భయమైతే, తోడొచ్చిన వాళ్ళని తలుపు దగ్గర కూర్చోబెట్టి మీరు వరండాలో ఉండండి. మంచినీళ్ళు, తినడానికి మీకు అలవాటైనది ఏదైనా ఉంచుకోండి. పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాటుతుంది.

4. సర్టిఫికెట్ చేతికి రాగానే సరిచూసుకోండి

ఇంటికొచ్చాక కాదు, వీలైతే అక్కడే. ఐదు చోట్ల వేలు పెట్టి చదవండి.

పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? ఇంటిపేరు ముందా వెనకా అనే తేడాకి కూడా కౌంటర్లో తిప్పి పంపిన సందర్భాలు చూశాను.

వైకల్యం పేరు ఏం పడింది? "ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్" అని ఉండాలి. దాంతోపాటు మేధో వైకల్యం (పాత కాగితాల్లో "మెంటల్ రిటార్డేషన్" అన్నది దీన్నే) కూడా ఉందని పరీక్షలో తేలిన వాళ్ళకి రెండూ రాయాలి. మా పిన్ని కొడుక్కి మొదట ఆటిజం ఒక్కటే రాశారు. పాత సర్టిఫికెట్లో ఉన్న సంగతి కొత్తదాన్లో లేదు. ఐక్యూ పరీక్ష కాగితం చూపించి "ఇది కూడా ఉందండి, రైలుకి కావాలండి" అని అడిగితే సరిచేసి ఇచ్చారు. అడక్కపోతే వాడికి రైలు రాయితీ పోయేది. పాత కాగితం తొందరపడి మార్చుకోవద్దన్నది ఇందుకే. లేనిది రాయమని మాత్రం అడగొద్దు.

శాతం ఎంత? 40, ఆపైన ఉంటేనే రాయితీల తలుపు తెరుచుకుంటుంది. యూడీఐడీ కార్డు రంగు చూసినా తెలిసిపోతుంది. 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం.

శాశ్వతమా, తాత్కాలికమా? తాత్కాలికమైతే ఏ తేదీ దాకా? బస్సు పాసు గడువు సర్టిఫికెట్ గడువుని దాటి పోదు.

ఫొటో మీద ముద్ర, సంతకం పడ్డాయా?

యూడీఐడీ కార్డు పోస్టులో రావడానికి టైము పట్టొచ్చు. ఈలోపు పోర్టల్ నుంచి ఈ-కార్డు దించుకుని రంగుల్లో ప్రింటు తీయించుకోండి. నలుపు తెలుపు ప్రింటులో పసుపో నీలమో తెలియదు కదా.

5. ఆర్టీసీ పాసు

ఇప్పుడు బస్సు. రావులపాలెం, అమలాపురం, రాజోలు, రామచంద్రపురం, తణుకు, భీమవరం, నరసాపురం, కాకినాడ, రాజమండ్రి, మీకు ఏ డిపో దగ్గరైతే అక్కడి పాసు కౌంటరుకి వెళ్ళండి. ఆధార్, సర్టిఫికెట్, యూడీఐడీ ఒరిజినల్స్ చూపించాలి, జిరాక్సులు ఇవ్వాలి. నేను దివ్యాంగుల పాసు తీసుకున్నప్పుడు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు సగం ధరకి వచ్చేది. ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చినప్పుడల్లా ఈ లెక్కలు మారతాయి కాబట్టి "ఈ రోజుకి ఏ బస్సుకి ఎంత రాయితీ అండి" అని కౌంటర్లో అడిగి కాగితం మీద రాయించుకోండి.

జూన్, జులై నెలల్లో పొద్దున పూట వెళ్ళొద్దు. కాలేజీ పిల్లల పాసుల క్యూ బయట రోడ్డు దాకా ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత మూడింటికి వెళ్తే మనిషి ఉండడు, ఫ్యాను చప్పుడు తప్ప చప్పుడూ ఉండదు.

ఇక్కడే చాలామంది వెనక్కి వచ్చేస్తారు. కౌంటర్లో నాతో అన్న మాట ఇది: "ఏం బాబూ, బానే ఉన్నావు కదా, నడుస్తున్నావు, మాట్లాడుతున్నావు. ఇది మా లిస్టులో లేదు." గొడవ పడకండి. గొడవ పడితే మనకే మాట తడబడి, తప్పు మనదే అన్నట్టు అయిపోతుంది. ముందే ప్రింటు తీసి పెట్టుకున్న ఒక్క కాగితం చూపించండి: 2016 దివ్యాంగుల హక్కుల చట్టం షెడ్యూలు. అందులో రెండో వర్గం పేరు మేధో వైకల్యం. దాని కింద నిర్దిష్ట అభ్యసన వైకల్యం, ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ రెండూ పేర్లతో సహా ఉన్నాయి. ఆ లైను కింద పసుపు రంగు పెన్నుతో గీత గీసి ఉంచండి. "మీ లిస్టులో మేధో వైకల్యం అని ఉంది కదండీ, చట్టం ప్రకారం ఇది దాని కిందికే వస్తుందండి" అనండి. అంతే, ఇంకేమీ వాదించొద్దు. నాకు ఆ కాగితంతోనే పనైంది. రెండోసారి వెళ్ళినప్పుడు, అదీ లోపల సూపర్‌వైజరు గారికి చూపించాక.

అప్పటికీ కాదంటే "కాదని ఈ కాగితం మీద రాసి ఇవ్వండి" అని మర్యాదగా అడగండి. చాలాసార్లు అక్కడే ఆగిపోతారు. రాయడం ఇష్టం లేక ఫైలు లోపలికి పంపుతారు.

పాసు చేతికొచ్చాక చూసుకోవాల్సింది: గడువు తేదీ, ఏయే బస్సులకి చెల్లుతుందో, తోడు వచ్చేవాళ్ళ గురించి ఏమైనా రాసి ఉందా. తోడు గురించి కార్డు మీద లేకపోతే తోడొచ్చినవాళ్ళకి మామూలు టిక్కెట్టు తీసుకోండి. నోటిమాట మీద ఎక్కి తర్వాత చెకింగు వాళ్ళ ముందు నిలబడటం ఎందుకు?

6. బస్సెక్కాక

సగం టిక్కెట్టు కావాలని "హాఫ్ టిక్కెట్" అని మాత్రం అనొద్దు. కండక్టరు దృష్టిలో హాఫ్ అంటే పిల్లల టిక్కెట్టు. నాలాంటి ఆరడుగుల వాడు హాఫ్ అంటే బస్సంతా నవ్వుతుంది. నిజంగానే పిల్లల టిక్కెట్టు కొట్టి ఇచ్చారనుకోండి, చెకింగులో అది తప్పు టిక్కెట్టే అవుతుంది. "దివ్యాంగుల పాసు" అని చెప్పండి, పాసు ముందే చేతిలో పట్టుకోండి.

నేను ఒక చీటీ లామినేషన్ చేయించి పాసు కవరులోనే పెట్టుకున్నాను. దాని మీద పెద్ద అక్షరాలతో: "నాకు ఆటిజం ఉంది. వెంటనే మాట రాదు. దివ్యాంగుల పాసు ఉంది. రాజమండ్రి ఒకటి ఇవ్వండి." వెనక వైపు "రావులపాలెం ఒకటి". రద్దీ బస్సులో వేమగిరి దగ్గర జనం ఎక్కేటప్పుడు కండక్టరు అరుపులూ హారన్లూ కలిసి నా నోరు మూతపడిపోతుంది. అప్పుడు ఈ చీటీయే నా గొంతు. రూటులో తిరిగే కండక్టర్లు రెండు నెలల్లో గుర్తుపట్టేశారు. ఇప్పుడు కొందరు చీటీ అడక్కుండానే "ఆయ్, రాజమండ్రేగా" అని కొట్టి ఇచ్చేస్తారు.

చిల్లర ముందే లెక్క చూసి ఉంచండి. టిక్కెట్టు తీసుకోగానే మూడు చూడండి: ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ రాయితీ కింద కొట్టారు, ఎంత. సగం రాయితీ ఉన్నప్పుడు మామూలు ఛార్జీ 60 అయితే మీకు 30 చుట్టుపక్కల రావాలి, రౌండింగు వల్ల కొంచెం అటూఇటూ కావచ్చు. 60కి 60 పడితే అప్పుడే చెప్పండి. రెండు స్టాపులు దాటాక చెప్తే కండక్టరూ ఏమీ చేయలేరు.

షేర్ ఆటోలకీ ప్రైవేటు బస్సులకీ ఈ పాసు చెల్లదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటుకీ (పెద్ద పడవ), కోటిపల్లి, ముక్తేశ్వరం పంటుకీ అంతే. రేవుని వేలంపాటలో పాడుకున్నాయన పెట్టిందే రేటు. మీ ఊరు అటు పక్కదైతే ప్రయాణం ఖర్చు వేసుకునేటప్పుడు పంటు డబ్బులు విడిగా లెక్కేసుకోండి. నెలకి చూస్తే బస్సులో మిగిలింది రేవులో పోయినట్టుంటుంది.

7. రైలు: ఇక్కడ నిదానంగా చదవండి

కోనసీమ వాళ్ళకి రైలంటే రాజమండ్రో, పాలకొల్లో, సామర్లకోటో వెళ్ళి ఎక్కాల్సిందే. అంతదూరం పోయి కౌంటర్లో కాదనిపించుకోకుండా ఈ భాగం ముందే చదివి వెళ్ళండి.

రైల్వే వాళ్ళది సొంత పట్టిక. దివ్యాంగుల్లో నాలుగు వర్గాలకే టిక్కెట్టు రాయితీ: తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వైకల్యం ఉన్నవాళ్ళు, తోడు లేకుండా ప్రయాణించలేని మేధో వైకల్యం ఉన్నవాళ్ళు, పూర్తిగా చూపు లేనివాళ్ళు, వినికిడి మాట రెండూ పూర్తిగా లేనివాళ్ళు. ఆటిజం అనే మాట ఆ పట్టికలో విడిగా లేదు. మనవాళ్ళు వెళ్ళాల్సింది రెండో వర్గం దారినే. అందులో "తోడు లేకుండా" అనే షరతు చూశారు కదా. నేను రోజూ ఒక్కణ్ణే తిరుగుతాను, కాబట్టి ఆ కాగితం మీద డాక్టరు గారు సంతకం పెట్టలేరు. నేనూ అడగలేదు. మా పిన్ని కొడుక్కి వచ్చింది. ఇది న్యాయమా అంటే కాదనే అంటాను. ఒంటరిగా తిరగగలగడం వేరు, తిరిగొచ్చాక రెండు రోజులు పడుకోవాల్సి రావడం వేరు. కానీ రూలు ఇప్పటికి ఇదే.

మీకు వర్తిస్తుందనుకుంటే ఇలా చేయండి.

ముందు రైల్వే వారి రాయితీ సర్టిఫికెట్ నమూనా తీసుకోండి. సదరం కాగితం ఒక్కటీ చూపిస్తే సరిపోదు. ఆ నమూనాలోనే ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు రాసి, సంతకం పెట్టి, ముద్ర సగం ఫొటో మీద సగం కాగితం మీద పడేలా వేయాలి. ముద్ర మొత్తం కాగితం మీదే పడితే మళ్ళీ వెళ్ళాలి, అక్కడే చూసుకోండి. శాశ్వత వైకల్యమైతే ఈ సర్టిఫికెట్ 25 ఏళ్ళ దాకా ఉన్నవాళ్ళకి 5 ఏళ్ళు, 26 నుంచి 35 మధ్య వాళ్ళకి 10 ఏళ్ళు, 35 దాటిన వాళ్ళకి జీవితాంతం చెల్లుతుంది.

తర్వాత దాంతో రైల్వే దివ్యాంగుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టండి. ఆన్‌లైన్లో పెట్టొచ్చు. రాజమండ్రి, నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమవరం, నరసాపురం, సామర్లకోట, కాకినాడ అన్నీ విజయవాడ డివిజన్ కిందివే, కాబట్టి డివిజన్ అడిగిన చోట విజయవాడ ఎంచుకోండి. ఈ కార్డు నంబరు ఉంటే ఐఆర్‌సీటీసీలో ఇంట్లో కూర్చునే రాయితీ టిక్కెట్టు తీసుకోవచ్చు.

ఎంత తగ్గుతుంది? సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీ, ఏసీ చైర్ కార్‌లలో 75 శాతం. సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలో 50. రాజధాని, శతాబ్ది రైళ్ళ థర్డ్ ఏసీ, చైర్ కార్‌లలో 25. నెల పాసు, మూడు నెలల పాసు మీద 50. తోడు వెళ్ళే ఒక్కరికీ ఇదే రాయితీ వర్తిస్తుంది. తోడు లేకుండా ప్రయాణించలేరన్న కారణం మీదే రాయితీ ఇస్తున్నారు కాబట్టి రాయితీ టిక్కెట్టు మీద మీరొక్కరే వెళ్ళకండి.

టిక్కెట్టు చూసి "75 తగ్గలేదే" అని కంగారు పడేవాళ్ళు ఉన్నారు. తగ్గేది మూల ఛార్జీ ఒక్కటే. రిజర్వేషన్ రుసుము, సూపర్‌ఫాస్ట్ రుసుము పూర్తిగా పడతాయి. తత్కాల్‌లో రాయితీ అసలు లేదు. సంక్రాంతికి ఊరొచ్చి వెళ్ళేవాళ్ళు ఇది మర్చిపోయి చివరి నిమిషంలో తత్కాల్ మీద ఆధారపడతారు. స్లీపర్‌లో దివ్యాంగుల కోటా కింద 4 బెర్తులు విడిగా ఉంటాయి, ముందుగా చూసుకుంటే మామూలు వెయిటింగ్ లిస్టుతో పని లేకుండా దొరకొచ్చు.

ప్రయాణంలో ఒరిజినల్ సర్టిఫికెట్, రైల్వే కార్డు దగ్గర ఉండాలి. ఫోన్లో ఫొటో చూపిస్తే టీసీ ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే పూర్తి ఛార్జీతో పాటు జరిమానా కూడా.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఇప్పటిదాకా చెప్పినవి కాక ఇంకొన్ని ఉన్నాయి. ఒకే ఆసుపత్రిలో పింఛనుకి ఒకటి, పాసుకి ఒకటి అని రెండు సర్టిఫికెట్లు చేయించుకోవడం: రెండింట్లో శాతం వేరువేరుగా పడితే రెండూ అనుమానంలో పడతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్ లామినేషన్ చేయించి ముద్ర మసకబార్చుకోవడం. పద్దెనిమిది నిండిన అబ్బాయి బదులు నాన్న సంతకం పెట్టేయడం: సంతకం రాకపోతే అబ్బాయి వేలిముద్రే వేయించండి, గార్డియన్ కాగితం ఉంటేనే నాన్న సంతకం చెల్లుతుంది. గార్డియన్‌షిప్ కావాలంటే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు గారి అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

పాసు పోయిందని ఇంట్లో కూర్చోవడం ఇంకో పొరపాటు. నంబరు రాసి పెట్టుకుని ఉంటే కౌంటర్లో నకలు అడగొచ్చు.

40 శాతం రాకపోతే

మొదట నాకు రాలేదు, అందుకని ఈ బాధ నాకు తెలుసు. నటించానని చెప్పాను కదా. రెండు దారులున్నాయి. ఒకటి, మళ్ళీ మదింపు చేయమని అడగడం: ఈసారి చిన్నప్పటి కాగితాలతో, తెలిసిన మనిషితో వెళ్ళాలి. రెండు, 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు. సర్టిఫికెట్ ఇచ్చినవారి నిర్ణయం మీద పై అధికారికి రాసుకునే హక్కు అది. నేను మొదటి దారిలో వెళ్ళాను.

ఈలోపు బస్సు ఛార్జీలు ఆగవు కదా. చదువుకుంటుంటే విద్యార్థి పాసు తీసుకోండి. రోజూ ఒకే రూటులో తిరిగేవాళ్ళు ఆర్టీసీ సీజన్ టిక్కెట్టు లెక్క వేసి చూడండి. నరసాపురం, భీమవరం, నిడదవోలు వైపు రైలు లైను పక్కన ఉండేవాళ్ళకి రైలు నెల పాసు మామూలు ధరకి తీసుకున్నా బస్సులో సగం టిక్కెట్టు కన్నా చవకే పడొచ్చు. 60 దాటిన వాళ్ళకి ఆర్టీసీలో 25 శాతం ఎలాగూ ఉంది.

ఎవరికి చెప్పుకోవాలి

కండక్టరుతో ఇబ్బందైతే బస్సు నంబరు, టైము, టిక్కెట్టు ఉంచుకుని డిపో మేనేజరు గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. పాసు కౌంటర్లో పని కాకపోతే సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. అమలాపురం, కాకినాడ, రాజమండ్రి, భీమవరం, ఏలూరు, మీ జిల్లా ఏదైతే అక్కడ. అర్జీతో పాటు షెడ్యూలు పేజీ, సర్టిఫికెట్ జిరాక్సు జతచేసి, రసీదు నంబరు తీసుకోండి. జనం ఎక్కువుంటారు, పదింటికి ముందే వెళ్ళండి. రైల్లో సమస్యైతే 139కి ఫోను చేయొచ్చు. నాలాగా ఫోను పడనివాళ్ళు ఇంట్లో ఎవరిచేతైనా చేయించండి.

మీ పాసు గడువు తేదీ, సర్టిఫికెట్ గడువు తేదీ రెండూ క్యాలెండర్లో రాసుకోండి, రెండు నెలల ముందు పేజీలో.